పూసలుగా దొరికిన పువ్వు: మ్యూజియంలోని సముద్ర లిల్లీల వెనుక కథ

జర్మనీలోని హోల్జ్‌మాడెన్‌లో హౌఫ్ మ్యూజియం ఉంది. అక్కడ దాదాపు 18 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న నల్లటి రాతిపలక మీద పొడవాటి కాడలు, వాటి చివర విచ్చుకున్న పూలు కనిపిస్తాయి. చూడగానే ఎవరైనా మొక్కలనే అనుకుంటారు. నిజానికి అవి సముద్ర లిల్లీలు, నక్షత్ర చేపకు చుట్టాలైన జంతువులు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో తేలే ఓ దుంగను పట్టుకుని వేలాడుతూ బతికాయి. దుంగ మునిగింది, దానితోపాటే ఇవీ అడుగు బురదలో కూరుకుపోయాయి.

ఈ పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. జనానికి ఎక్కువగా దొరికినవి పూలు కావు, పూసలు. సముద్ర లిల్లీ కాడంటే సున్నపు బిళ్లల దొంతర. ఒక్కో బిళ్లకు నడుమ చిన్న బెజ్జం, చుట్టూ బండి చక్రం ఊచల్లా సన్నని గీతలు. దారం గుచ్చితే జపమాలే! ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ దీవిలో వీటిని అక్కడి క్రైస్తవ సాధువు పేరిట సెయింట్ కత్‌బర్ట్ పూసలన్నారు. 1546లో జర్మన్ పండితుడు అగ్రికోలా తన శిలాజాల పుస్తకంలో వీటికి పేర్లు పెట్టాడు. 1670ల్లో ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త మార్టిన్ లిస్టర్ వీటిని మొక్కల రూపంలో ఉన్న రాళ్లుగా వర్ణించాడు.

చిక్కుముడి విప్పింది బతికున్న బంధువు. 18వ శతాబ్దం మధ్యలో, కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవి నుంచి పారిస్ చేరిన ఒక నమూనాను ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త గెటార్డ్ పరిశీలించి, రాతి పూసలు ఇలాంటి జీవివేనని తేల్చాడు. 1821లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉండే ప్రకృతి శాస్త్రవేత్త మిల్లర్ ఈ జాతులన్నిటికీ కలిపి క్రైనాయిడ్ అనే పేరు ఖాయం చేశాడు. గ్రీకులో ఆ మాటకు లిల్లీ లాంటిదని అర్థం. జంతువని తెలిశాక కూడా పువ్వు పేరే పెట్టారు!

మరి మొత్తం లిల్లీలు అంత అరుదెందుకు? చచ్చిన కొద్ది రోజులకే బిళ్లలను పట్టి ఉంచే కణజాలం కుళ్లి, అంతా విడిపోతుంది. ఆలోపే బురద కప్పేయాలి.

అలా కప్పిన చోట్లలో అమెరికాలోని అయోవా ఒకటి. ఆరోగ్యం బాగాలేక బర్లింగ్టన్‌లో స్థిరపడ్డ వ్యాపారి చార్లెస్ వాక్స్‌మత్ అక్కడి రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. అదే వ్యసనమైంది. 1873లో హార్వర్డ్ మ్యూజియం కోసం ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగస్సీ ఆ సేకరణను కొన్నాడు. తర్వాత వాక్స్‌మత్, లాయర్ ఫ్రాంక్ స్ప్రింగర్‌తో కలిసి మళ్లీ పోగుచేశాడు. ఆ రాశి 1911లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. నా లెక్కలో ఈ కథకు అసలు హీరోలు వృత్తిరీత్యా శాస్త్రవేత్తలు కాని ఇలాంటి సేకర్తలే.

2013లో అమెరికా పరిశోధకులు అయోవా, ఇండియానా రాష్ట్రాల శిలాజ లిల్లీల నుంచి రవ్వంత పొడి తీసి పరీక్షించారు. రంగులిచ్చే క్వినోన్ల లాంటి పదార్థాలు అందులో మిగిలే ఉన్నాయి, అదీ జాతికో రకంగా. ఆ రాళ్ల వయసు 30 కోట్ల ఏళ్లకు పైమాటే.