ఆత్మీయ ఎదుగుదలకు ప్రణాళిక: సంఘంలో నాకు ఎదురయ్యే అపోహలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన కార్డు) అందుకున్నాక చాలామంది పాస్టరునైన నా దగ్గరికొచ్చి ఒకే మాట చెబుతారు: "అయ్యగారూ, ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తాను." ఫిబ్రవరికల్లా వాళ్లే నన్ను తప్పించుకుని తిరుగుతారు. చదువు ఆగినందుకు నాకు అంత బాధ లేదు. ఆ సిగ్గుతో ప్రార్థన కూడా మానేస్తారు, అదీ నా బాధ. ఏం చదవాలో, ఎప్పుడు ప్రార్థించాలో ముందే రాసుకునే ప్రణాళిక గురించి నేను వినే అపోహలివి.

అపోహ: ఆదికాండం నుంచి వరసగా చదివి ఏడాదిలో ముగించాలి.

వాస్తవం: మన బైబిల్లోని 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు చొప్పున చదివితే ఆదికాండం 50, నిర్గమకాండం 40 అయిపోయి, సరిగ్గా జనవరి 31న లేవీయకాండంలో అడుగుపెడతారు. బలుల విధులు, కుష్ఠు పరీక్షలు, పైగా పాత అనువాదంలోని గ్రాంథికం. పక్కన విప్పి చెప్పేవారు ఉండరు. అక్కడ ఆగిపోయిన మనిషికి భక్తి లేదనడం అన్యాయం. కొత్తవారికి నేను మార్కు సువార్తతో మొదలుపెట్టిస్తాను. 16 అధ్యాయాలే, రోజుకొకటి. దానితోపాటు కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన. ఆ తర్వాత అపొస్తలుల కార్యములు. లేవీయకాండాన్ని మాత్రం కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (హెబ్రీయులకు రాసిన లేఖ) పక్కన పెట్టుకుని, నలుగురం కూర్చుని చదువుతాం. ఆ బలులన్నీ యేసువైపే చూపిస్తున్నాయని అర్థమైన రోజున కళ్లు చెమర్చినవారిని చూశాను.

ఒకరోజు తప్పిందా? మర్నాడు ఆ రోజు భాగమే చదవండి. బకాయి తీర్చాలని ఆరు అధ్యాయాలు ఒకే గుక్కలో చదివితే ఒక్క మాటా మనసులో నిలవదు.

అపోహ: తెల్లవారుజామున 4 గంటల ప్రార్థనే దేవుడు వింటాడు.

వాస్తవం: యేసు పెందలకడనే లేచి ప్రార్థించాడు, నిజమే. రాత్రంతా ప్రార్థనలో గడిపాడని కూడా లూకా రాశాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు. మా సంఘంలో ఒక అక్క నాలుగింటికి లేచేది వంట కోసం. ఆరింటికల్లా మిరపకోతల ఆటో ఎక్కాలి. తనకు ప్రార్థనాజీవితమే లేదని ఏడ్చేది. మధ్యాహ్నం సద్దిమూట విప్పేముందు చెట్టుకింద పది నిమిషాల ప్రార్థన అని ఆమె ప్రణాళికలో రాసుకున్నాం. చదవడం రాదు కాబట్టి ఫోనులో ఆడియో బైబిలు. ఇప్పుడు తోటి కూలీలు ఇద్దరు ఆమెతో కలిసి వింటున్నారు.

అపోహ: ప్రణాళిక వేసుకుంటే పరిశుద్ధాత్మ నడిపింపును కాదన్నట్టే.

వాస్తవం: "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అని, అంటే భక్తిలో అభ్యాసం చేయమని, అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు. నాటడం, నీళ్లు పోయడం మనుషుల వంతు, వృద్ధి కలుగజేసేది దేవుడు అన్నదీ ఆయనే. ఇంతకుమించి నేను వాదించను.

అపోహ: ఎన్ని అధ్యాయాలు చదివితే అంత ఎదుగుదల.

వాస్తవం: బైబిలు మూడుసార్లు చదివిన ఒక సహోదరుడు తన ప్రణాళిక నాకు చూపించాడు. పేజీలు, గంటలు, ఉపవాసాలు, అన్నీ ఉన్నాయి. "ఇంట్లో కోపం సంగతేంటి?" అని అడిగితే తలదించుకున్నాడు. గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఆత్మఫలం, అంటే పరిశుద్ధాత్మ మనలో పుట్టించే గుణాలు, తొమ్మిది మాటల్లో ఉంది. అందులో దీర్ఘశాంతం (ఓర్పు) ఒక్కటి తీసుకుని మూడు నెలలు దానికోసం ప్రార్థించమన్నాను. ఏమైనా మార్పు ఉందా అని ప్రతి నెలాఖరున అతని భార్యనే అడగమన్నాను. మొదటి నెల ఆమె చెప్పింది వినడం అతనికి చాలా కష్టమైంది. అయినా రెండో నెలా అడిగాడు.

అపోహ: ఉపవాసం లేకపోతే ప్రణాళిక అసంపూర్ణం.

వాస్తవం: షుగరు ఉన్నవారు, గర్భిణులు, మందులు వాడేవారు డాక్టరును అడగకుండా పస్తులుండొద్దు. ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడమే తనకిష్టమైన ఉపవాసమని యెషయా 58లో దేవుడే అంటున్నాడు. పస్తుకు బదులు శుక్రవారం ఒక ముసలమ్మకు భోజనం తీసుకెళ్లండి.

అపోహ: ఇది నాకూ దేవునికీ మధ్య సంగతి, ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు.

వాస్తవం: ఒకరికి చెప్పండి, ఒక్కరికే. స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడు. ప్రార్థన మనవి పేరుతో మీ మాటను ఊరంతా మోసేవారు వద్దు. పదిహేను రోజులకోసారి కలిసి మూడే అడగండి: ఏం చదివావు, ఎక్కడ పడిపోయావు, నీకోసం ఏమని ప్రార్థించాలి? అడిగాక అక్కడే, అప్పుడే ప్రార్థించండి.