దారం ఒంట్లోదా, మిషన్‌దా: ఒక స్పైడర్‌మ్యాన్ తగువు వెనక కథ

కడప ఏడు రోడ్ల కూడలికి కొంచెం అవతల, సాయంత్రం పెట్టే కారం దోశ బండి దగ్గర మొన్నొక తగువు నడిచింది. ఒకవైపు ముప్పై అయిదేళ్ల బైక్ మెకానిక్. రెండోవైపు ఇంటర్ సెకండియర్ చదివే మా మేనల్లుడు. కొత్త స్పైడర్‌మ్యాన్ సినిమా 2026 జూలై 31న వస్తుందన్న మాటతో మొదలై, దోశ పెనం మీద నుంచి దిగేలోపు అసలు గొడవలో పడ్డారు.

"ఏంబ్బా, దారం చేతిలో నుంచే వస్తాది. నేను థియేటర్లో చూసినా కదా."

"అది సినిమాలో అన్నా. అసలు కామిక్‌లో మిషన్ ఉంటాది. వాడే తయారు చేసుకుంటాడు."

"అసలు అంటే ఏది రా నీకు అసలు?"

మెకానిక్ అడిగిన ఆ ఆఖరి ప్రశ్న చిన్నదేం కాదు. స్పైడర్‌మ్యాన్ అభిమానులు పాతికేళ్లుగా తేల్చుకోలేకపోతున్నది దాన్నే.

మెకానిక్ చూసింది 2002 సినిమా. శామ్ రైమీ తీసింది, టోబీ మగ్వైర్ వేసింది. తెలుగు డబ్బింగ్‌తో మన ఊళ్లకొచ్చింది. అందులో స్పైడర్‌మ్యాన్ అయ్యే కుర్రాడు పీటర్ పార్కర్‌కి సాలీడు కుట్టాక ఒళ్లే మారిపోతుంది. హైస్కూలు క్యాంటీన్‌లో తనకు తెలియకుండానే మణికట్టులోంచి దారం వెళ్లి ఒక ట్రేకి అతుక్కుంటుంది. తర్వాత మేడ మీదకెళ్లి, చెయ్యి ఎలా తిప్పితే దారం వస్తుందో తెలియక రకరకాలుగా వేళ్లు పెట్టి తంటాలు పడతాడు. హాల్లో అందరూ నవ్విన సీను అది.

మేనల్లుడు చెప్పేది దానికి నలభై ఏళ్ల ముందు సంగతి. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'అమేజింగ్ ఫ్యాంటసీ' 15వ సంచికలో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించాడు. కథ స్టాన్ లీది, బొమ్మలు స్టీవ్ డిట్కోవి. వెల 12 సెంట్లు. అదే సంచిక కాపీ ఒకటి 2021లో వేలంలో 36 లక్షల డాలర్లకు పోయింది. ఆ కథలో సాలీడు పీటర్‌కి ఇచ్చింది బలం, గోడలెక్కే శక్తి, ప్రమాదాన్ని ముందే పసిగట్టే తెలివి. దారం ఇవ్వలేదు. ఆ కుర్రాడు సైన్సులో దిట్ట కాబట్టి జిగురు ద్రవం ఒకటి తయారుచేసుకుని, మణికట్టుకు కట్టుకునే చిన్న యంత్రంలో నింపుకుంటాడు.

ఆ యంత్రం మణికట్టు దగ్గరికి రావడానికీ ఒక కథ ఉంది. స్పైడర్‌మ్యాన్‌ని ముందు గీయడం మొదలుపెట్టింది జాక్ కిర్బీ. ఆయన ఊహలో హీరో చేతిలో దారం విసిరే తుపాకి ఉండేదని డిట్కో తర్వాత రాశాడు. తుపాకీ, దాని ఒరా వద్దని, కనబడకుండా మణికట్టులో దాచే పరికరం పెట్టింది డిట్కోనే. ముఖమంతా కప్పే ముసుగు కూడా ఆయన ఆలోచనే. మొదటి సంచిక అట్ట మీద బొమ్మ మాత్రం కిర్బీ గీసిందే, దానికి ఇంకు డిట్కో దిద్దాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో నాలుగేళ్ల పిల్లాడైనా స్పైడర్‌మ్యాన్ అనగానే నడిమి రెండు వేళ్లు అరచేతిలోకి మడిచి, మిగిలినవి చాచి, నోటితో "స్స్" అంటాడు. ఆ ముద్ర ఎందుకో ఎవరూ అడగరు. కామిక్‌లో దానికి కారణం ఉంది. యంత్రం మీట అరచేతి పైభాగంలో ఉంటుంది. దాన్ని ఆ రెండు వేళ్లతోనే నొక్కాలి, అదీ రెండుసార్లు టకటకా నొక్కాలి. మామూలుగా పిడికిలి బిగిస్తేనో, ఎవర్నన్నా గుద్దితేనో దారం వచ్చేయకుండా ఆ ఏర్పాటు. 2002 సినిమా యంత్రం తీసేసి ముద్రను మాత్రం ఉంచుకుంది. మీట లేకపోయినా వేలు దాన్ని నొక్కుతూనే ఉంది!

యంత్రం ఎందుకు పోయింది? సినిమా హక్కులు చేతులు మారుతూ తిరిగిన తిరుగుడులో పోయింది. 1985లో క్యానన్ అనే సంస్థ రెండు లక్షల పాతిక వేల డాలర్లకు ఆ హక్కులు కొంది. సినిమా తీయలేకపోయింది. అక్కడి నుంచి అవి కారొల్కో అనే ఇంకో సినిమా సంస్థ దగ్గరికి చేరాయి. అప్పుడు రంగంలోకి దిగింది జేమ్స్ కామెరాన్, టైటానిక్ ఇంకా తీయని కామెరాన్. ఆయన రాసుకున్న కథలోనే దారం మొదటిసారి ఒంట్లోంచి వచ్చింది. ఎదిగే వయసులో కుర్రాడి ఒంట్లో వచ్చే మార్పులు, వాటి సిగ్గు, అయోమయం, అన్నిటికీ ఆ దారం గుర్తన్నమాట. 1995లో కారొల్కో దివాలా తీసింది. మరుసటి ఏడు స్పైడర్‌మ్యాన్ కామిక్ వేసే మార్వెల్ కూడా దివాలా పిటిషన్ వేసింది. కోర్టు కేసులు ఒకదానికొకటి చిక్కుపడి, 1999లో ముడి విప్పుకుని సోనీ చేతికి చిక్కాయి హక్కులు. కామెరాన్ వెళ్లిపోయాడు గానీ ఆయన దారం మిగిలింది. స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ కెప్ దాన్ని ఉంచాడు, రైమీ సమర్థించాడు. పెద్ద పెద్ద కంపెనీలకే చేతకాని జిగురును డబ్బుల్లేని హైస్కూలు కుర్రాడు గదిలో కూర్చుని కనిపెట్టాడంటే ఎవరు నమ్ముతారన్నది ఆయన వాదన.

కామిక్ చదివి పెరిగిన అమెరికన్లు ఒప్పుకోలేదు. సినిమా ఇంకా పూర్తికాకముందే ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించారు. సినిమా ఆగలేదు. 2002 మేలో విడుదలై, మొదటి వారాంతంలోనే పది కోట్ల డాలర్లు దాటిన మొట్టమొదటి సినిమా అయింది.

ఇప్పుడు మన సంగతికొస్తా. మా ఊళ్లో ఆ సంతకాల గొడవ ఎవరికీ తెలియదు, తెలిసినా పట్టేది కాదు. అమెరికన్ కామిక్ ఇక్కడ ఎవరింట్లో ఉంది? మాకు బొమ్మల కథలంటే చందమామ. 1947 జూలైలో దాన్ని మొదలుపెట్టిన బి. నాగిరెడ్డిది మా కడప జిల్లా పొట్టిపాడే. ఆ కథల్లో శక్తి వచ్చే దారి వేరు. ముని వరమిస్తాడు, దేవత కరుణిస్తుంది, లేదా శాపం తగులుతుంది. ఎన్టీఆర్ 1980లో సూపర్‌మ్యాన్‌గా వేసినా ఆ బలం ఆంజనేయుడిచ్చిందే, వేరే గ్రహం నుంచి వచ్చింది కాదు. ఇలాంటి కథలు విన్న చెవికి, సాలీడు కుట్టగానే దారం పుట్టిందంటే ఏ ఇబ్బందీ లేదు. జిగురు కలిపి, సీసాలో నింపి, స్ప్రింగు బిగించాడంటేనే వింత.

పక్కనే శ్రీకాళహస్తి కూడా ఉందాయె. అందులో 'శ్రీ' అంటే సాలీడు. శివలింగం చుట్టూ తన ఒంటి దారంతోనే గుడి అల్లింది, దీపం అంటుకుని గూడు కాలిపోతుంటే ఆ దీపాన్నే మింగబోయింది. మా అమ్మమ్మను అడిగితే తగువు అక్కడే తేల్చేసేది. అయితే భాష మేనల్లుడి పక్షాన కూడా కొంచెం మాట్లాడుతుంది. సాలె అంటే నేత, సాలెపురుగు అంటే నేసే పురుగు. మాధవరంలో మగ్గం ముందు కూర్చున్నాయనకు దారం ఒంట్లోంచి రాదు, పనితనం వస్తుంది.

ఆ మాటకొస్తే ప్రకృతి సిద్ధం అనే వాదనా పూర్తిగా నిలబడదు. సాలీడుకు దారం పొట్ట చివరి నుంచి వస్తుంది, కాళ్ల నుంచి కాదు. దాన్ని సినిమాలో ఉన్నదున్నట్టు చూపిస్తే ఆ సినిమాకి సర్టిఫికెట్ ఏమొచ్చేదో!

మెకానిక్‌కి తెలియంది ఇంకోటుంది, అది తెలిస్తే కాలరెగరేసేవాడు. సినిమా గెలిచాక కామిక్కే దిగొచ్చింది. 2004లో ఒక కథలో పీటర్ ఒళ్లు మారిపోయి, పుస్తకంలో కూడా దారం మణికట్టులోంచి రావడం మొదలైంది. నలభై రెండేళ్ల పాత లెక్కను రెండేళ్ల సినిమా మార్చింది. అయితే ఆ మార్పు నిలవలేదు. 2007 చివర్లో 'వన్ మోర్ డే' అనే కథలో, తనను పెంచి, ఇప్పుడు చావుబతుకుల్లో ఉన్న పెద్దమ్మ మేని బతికించుకోడానికి పీటర్ మెఫిస్టో అనే దయ్యంతో ఒప్పందం చేసుకుంటాడు. వెలగా తన పెళ్లినే ఇచ్చేస్తాడు, మేరీ జేన్‌తో పెళ్లి జరగనే లేదన్నట్టు లోకం మారిపోతుంది. ఆ కథ మీద పాఠకుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. దాని వెంటనే 2008 జనవరిలో మొదలైన కథల పేరు 'బ్రాండ్ న్యూ డే'. అందులో పెళ్లి లేదు, ఒంటి దారం లేదు, పాత మిషన్ తిరిగొచ్చింది. 2026 జూలై సినిమాకి పెట్టిన పేరు అదే. పేరు తీసుకున్నారు కాబట్టి కథంతా అదే ఉంటుందని మేనల్లుడిలా పందెం కాయడం మాత్రం తొందరపాటు. ఈ సినిమాలవాళ్లు కామిక్ నుంచి పేరొకటి, సీనొకటి తీసుకుని మిగతాది తమ దారిన తాము అల్లుకుంటారు.

నా ఓటు మిషన్‌కే. కారణం అయిపోవడం. మిషన్‌లో ద్రవం అయిపోతుంది. భవనాల మధ్య ఊగుతుండగా, శత్రువు మీదికొస్తుండగా, మీట నొక్కితే ఏమీ రాదు. నడుము బెల్టులోంచి కొత్త గొట్టం తీసి మార్చాలి. గంటలో ఆ దారం కరిగిపోతుంది కూడా. పెట్రోల్ అయిపోయిన బండి నెట్టుకెళ్లేవాడికి ఈ టెన్షన్ ఎవరూ చెప్పక్కర్లేదు. రైమీ కూడా ఈ లోటు గమనించినట్టే ఉన్నాడు. 2004 సినిమాలో పీటర్ మనసు చెదిరినప్పుడు ఒంటి దారం ఆగిపోతుంది, పైనుంచి కింద పడతాడు. బాగుంది, కాదనను. కానీ మనసు చెదరడం వేరు, లెక్క తప్పడం వేరు.

లెక్క తప్పితే ఏమవుతుందో స్పైడర్‌మ్యాన్ కామిక్ 1973 జూన్ సంచికలో ఉంది. పీటర్ శత్రువు గ్రీన్ గాబ్లిన్, పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని వంతెన మీద నుంచి తోసేస్తాడు. పీటర్ దారం విసురుతాడు, అది ఆమె కాలికి చుట్టుకుంటుంది. పట్టుకున్నాడు! ఆమె మెడ దగ్గర బొమ్మలో చిన్న అక్షరాల్లో ఒక శబ్దం రాసి ఉంటుంది, 'స్నాప్' అని. అంత వేగంలో పడుతున్న మనిషి ఒక్కసారిగా ఆగడంతో మెడ విరిగింది. తను తయారుచేసిన దారం, తను చూసిన గురి. 2014 సినిమాలో ఇదే సీను గడియారం గోపురంలో తీశారు. దారం కొస చెయ్యిలా విచ్చుకుని ఆమె కోసం చాచుతుంది, అందుకుంటుంది, అయినా ఆలస్యమే. 2021లో 'నో వే హోమ్' సినిమా చివర్లో అదే పీటర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, పడిపోతున్న ఇంకో అమ్మాయిని పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. దాని వెనక నలభై ఎనిమిదేళ్ల బాకీ ఉంది.

ఆ సినిమాలోనే వేర్వేరు సినిమాల్లోని ముగ్గురు పీటర్లు, టోబీ, ఆండ్రూ, టామ్ హాలండ్, కలుస్తారు. మిగతా ఇద్దరూ టోబీ చెయ్యి చూసి, నీ ఒంట్లోంచే వస్తుందా, ఎలా అని ఆరా తీస్తారు. అభిమానుల తగువును సినిమావాళ్లే తెర మీదకెక్కించి నవ్వుకున్నారు.

టామ్ హాలండ్ పీటర్ మొదట్లో దారం తనే తయారుచేసుకుంటాడు, 2016లో ఐరన్‌మ్యాన్ అయిన కోటీశ్వరుడు టోనీ స్టార్క్ కూడా ఆశ్చర్యపోతాడు. 2017 నాటికి స్టార్క్ ఇచ్చిన సూట్‌లో దారం 576 రకాలుగా వస్తుంది. కోటీశ్వరుడు కొనిచ్చిన సరుకు అని సణిగినవాళ్లలో నేనూ ఉన్నా. 'నో వే హోమ్' ఆఖర్లో మాత్రం ఎవరికీ గుర్తులేని కుర్రాడై, ఇరుకు గదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుని తన సూట్ తనే కుట్టుకుంటాడు. కొత్త సినిమా మొదలవ్వాల్సింది ఆ గదిలోంచే.

దోశ బండి దగ్గర తగువు తెగలేదు. డబ్బులు మెకానిక్కే ఇచ్చాడు, "చిన్నోడివి, గెలిచినావనుకో లే" అని. ఇంటికొచ్చాక మేనల్లుడు అటక మీద నుంచి అట్టపెట్టె దించి చూపించాడు. ఆరో తరగతిలో చేసిందంట. సూది తీసేసిన సిరంజి, సైకిల్ ట్యూబు ముక్క, బాల్‌పెన్ స్ప్రింగు, గాజుగుడ్డ పట్టీ. సిరంజిలో తెల్ల బంక ఎండి రాయయిపోయింది. మణికట్టుకు కట్టుకోబోతే పట్టీ సరిపోలేదు. నడిమి వేళ్లు రెండూ మడిచి నొక్కాడు.

"ఫ్లూయిడ్ అయిపోయింది మామా," అని గిన్నెలో వేడినీళ్లు పోసి సిరంజి నానబెట్టాడు.