సచివాలయం వెళ్లిపోయాక వచ్చిన స్టేషన్

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగి, అక్కణ్నుంచి ఇంకో రైలు కోసం సియాల్దా వెళ్లాల్సి వచ్చిన తెలుగువాళ్లకు ఆ కాస్త దూరం ఎంత పెద్దదో తెలుసు. ట్యాక్సీ బేరం, హౌరా వంతెన మీద ట్రాఫిక్, రైలు అందుతుందో లేదోనని టెన్షన్. 2025 ఆగస్టు 22 నుంచి ఆ దూరం కోల్‌కతా మెట్రోలో పది పన్నెండు నిమిషాలకు తగ్గింది. హుగ్లీ నది కింద ప్రయాణం ముప్పావు నిమిషమే. నది దాటగానే వచ్చే స్టేషన్ మహాకరణ్.

బెంగాలీలో మహాకరణ్ అంటే సచివాలయం. ఈస్టిండియా కంపెనీ గుమస్తాల కోసం 1777లో మొదలుపెట్టిన రైటర్స్ బిల్డింగ్ అదే. ఎదురుగా లాల్ దీఘీ చెరువు, ఓ పక్కన 1868 నాటి పెద్ద పోస్టాఫీసు. 1930లో జైళ్ల ఐజీ సింప్సన్‌ను విప్లవకారులు బినయ్, బాదల్, దినేశ్ కాల్చి చంపింది ఈ భవనంలోనే. భవనం ముందున్న డల్హౌసీ స్క్వేర్ బీబీడీ బాగ్ అయింది ఆ ముగ్గురి పేరు మీదే. తమాషా ఏమిటంటే, 2013లోనే సచివాలయం నది దాటి హౌరా వైపు నబన్న అనే భవనానికి వెళ్లిపోయింది. స్టేషన్ తెరిచింది 2024 మార్చిలో.

నది కింద రైలు అన్న ఆలోచన కొత్తదేం కాదు. హార్లే డాల్రింపుల్ హే అనే ఇంజినీరు 1921లోనే దానికి పథకం వేశాడు. డబ్బుల్లేక అది అటకెక్కింది. ఆయనే తర్వాత కరెంటు కేబుళ్ల కోసం హుగ్లీ కింద చిన్న సొరంగం తవ్వించాడు. 1931లో అది పూర్తయింది.

ఇప్పటి లైనుకు 2009లో పని మొదలైంది. మొదటి ప్లాను ప్రకారం మహాకరణ్ తర్వాత సెంట్రల్ స్టేషన్, అక్కణ్నుంచి బౌబజార్ పెద్ద రోడ్డు కిందుగా తిన్నగా సియాల్దా. కానీ సెంట్రల్ దగ్గర దుకాణాలనూ, లాల్ దీఘీ దగ్గర మినీబస్సుల స్టాండునూ కదిలించడం ఎవరివల్లా కాలేదు. చివరికి లైనునే ఎస్ప్లనేడ్ వైపు వంచారు. పొడవు 14.67 కిలోమీటర్ల నుంచి 16.6కు పెరిగింది. కరెన్సీ బిల్డింగ్, రెండు యూదు ప్రార్థనా మందిరాలు దగ్గర్లోనే ఉండటంతో పురావస్తు శాఖ అనుమతి కోసం ఆగాల్సి వచ్చింది. అది దొరికేసరికి 2017 అయింది.

ఆ వంపు సొరంగాన్ని బౌబజార్ సందుల కిందికి తీసుకెళ్లింది. కంసాలుల పేట అది, సున్నం, సుర్కీ (ఇటుక పొడి)తో కట్టిన పాత ఇళ్లు. కింద రాయి లేదు, బంకమన్ను, ఇసుక, నీళ్లు. 2019 ఆగస్టు 31న ‘చండీ’ అనే తవ్వకం యంత్రం నీటి ఊటను తాకింది. నీళ్లతో పాటు ఇసుకా మట్టీ సొరంగంలోకి దూసుకొచ్చాయి. పైన నేల కుంగింది. దుర్గా పితురీ లేన్, శ్యాక్రాపాడా లేన్‌లలో గోడలు నెర్రెలిచ్చి ఇళ్లు కూలాయి. కట్టుబట్టలతో బయటపడ్డ వందల మందిని హోటళ్లలో ఉంచారు. ఊట ఆగక, ఇంజినీర్లు సొరంగంలో అడ్డుగోడ కట్టి తామే నీళ్లు నింపారు. లోపలి నీటి ఒత్తిడి బయటి ఊటను నిలబెడుతుందని. చండీ ఇక కదల్లేదు. మిగిలిన ముక్కను దాని జోడీ ‘ఊర్వి’ 2021లో పూర్తిచేసింది. అయినా 2022లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరోసారి మళ్లీ ఇళ్లు బీటలిచ్చాయి.

ప్రమాదానికి కారణం ఊటే, కాదనలేం. కానీ ఆ ఇళ్ల కిందికి సొరంగం వెళ్లింది లైను వంచినందుకే. మినీబస్సుల స్టాండును కదపలేని నగరం రైలును కదిపింది. ఆ రైలు సియాల్దా చేరేనాటికి కూలిన ఇళ్లవాళ్లు కొత్త ఇళ్ల కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.