సంతకం ఎవరు పెట్టారు?

పిల్లలూ,

కొత్త టీకా అంటే వెనకాడేవాళ్లంతా మీ దృష్టిలో చదువుకోనివాళ్లు, వాట్సాప్ పుకార్లు నమ్మేవాళ్లు అని తేల్చేశారట. మీ అమ్మ చెప్పింది. పుకార్ల సంగతి కాదనను. కానీ ఖమ్మంలో జరిగింది కూడా తెలుసుకోండి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది, మంచిదే. పాత్ అనే అమెరికా సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం. చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలేమో ఎక్కడో గూడేల్లో. ఫారం మీద వాళ్లు సంతకం పెట్టాల్సిన చోట రెండు వేలకు పైగా ఫారాల మీద వార్డెన్లే పెట్టేశారు. కొన్నిటి మీద వేలిముద్రలున్నాయి. అందులో ఏం రాసి ఉందో వాళ్లకు ఎవరు చదివి వినిపించారు?

తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. చావులకు టీకా కారణమని చెప్పలేమని విచారణలో తేలింది. ఇక్కడ ఒక పాప నీళ్లలో మునిగిపోయింది, ఇదే టీకా కార్యక్రమం నడిచిన గుజరాత్‌లో ఇంకో పాపను పాము కరిచింది. అయినా ఊళ్లో ఎవరు నమ్ముతారు? "నన్నడగకుండా నా బిడ్డకు సూది ఎందుకేశారు?" అన్న తల్లికి జవాబు చెప్పలేనివాళ్లు ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. 2013లో పార్లమెంటు కమిటీ కూడా ఈ సంతకాల విషయంలో గట్టిగానే తప్పుపట్టింది.

చదువు సంగతికొస్తే, 2021 జనవరిలో మన హైదరాబాద్‌లో తయారైన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు, వేలమంది మీద చేసే మూడో దశ పరీక్షల ఫలితాలు రాకముందే అనుమతి ఇచ్చారు. అప్పుడు వెనకాడినవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు! ఫలితాలు బయటికొచ్చాక చాలామందికి ఆ టెన్షన్ తగ్గింది.

కూలికెళ్లే ఇళ్లలో లెక్క ఇంకోలా ఉంటుంది. సూది వేశాక బిడ్డకు జ్వరమొస్తే తల్లి ఇంట్లో ఉండాలి, ఆ రోజు కూలి పోతుంది. దీన్ని మూఢనమ్మకం అంటారా? "రేపు కాస్త జ్వరం రావచ్చు, ఫలానా మాత్ర వేయండి" అని టీకా వేసే నర్సమ్మ (ఏఎన్ఎం) ముందే చెబితే సగం భయం అక్కడే పోతుంది.

మీ బడికి టీకా ఫారం వస్తే అమ్మకు ఇచ్చి మొత్తం చదవమనండి. ఆ రోజు టిఫిన్ తినే వెళ్లండి, ఖాళీ కడుపుతో సూదికి నిలబడితే కళ్లు తిరగొచ్చు. వేశాక ఓ పావుగంట కూర్చోండి, వెంటనే ఆటలకు పరిగెత్తొద్దు.

మీ అమ్మమ్మ