ఫ్రెండ్స్ వల్లే బ్యాక్‌లాగులా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠం చెబుతాను, ఫస్టియర్‌లో ఒక సెక్షన్‌కి మెంటర్‌ని కూడా. సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చి, ఎవరికెన్ని బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయో తేలిన వారంలో నాకు వినపడే మాటలు ఇవి.

అపోహ: స్నేహాలు మానేస్తే మార్కులు వాటంతటవే వస్తాయి.

"వీడు ఫ్రెండ్స్‌తో తిరిగి చెడిపోయినాడు సార్" అని నాన్న అంటుంటే కొడుకు నేల చూస్తుంటాడు. అప్పుడు వాడికో కాగితం ఇచ్చి, నిన్న సాయంత్రం ఐదు నుంచి పదింటి దాకా ఏం చేశావో గంట గంటకీ రాయమంటాను. క్లాక్ టవర్ దగ్గర బజ్జీలు తిన్నది ముప్పావు గంట ఉంటుంది, అంతే. మిగతాదంతా పుస్తకం తెరిచి పెట్టుకుని ఫోన్ చూసింది, "పోదామా, వద్దా" అని గ్రూపులో మెసేజీలు కొట్టుకుంది. చదివిందీ లేదు, తిరిగిందీ లేదు. నేను చూసిన బ్యాక్‌లాగుల్లో ఎక్కువ ఇట్లా పోయిన గంటలవే. ఎవరితోనూ కలవని పిల్లాడికైతే రికార్డ్ సబ్మిషన్ రేపేనని చెప్పే దిక్కు కూడా ఉండదు.

అపోహ: మిడ్‌కి (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షకి) ముందు రెండు నైటౌట్లు కొడితే (రాత్రంతా మేలుకుని చదివితే) చాలు.

మిడ్ వరకు చాలొచ్చు, అందుకే ఈ నమ్మకం చావదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం ఆగి పెడితే తారుమారైంది. నైటౌట్‌లో మనం చేసేది ఎక్కువగా ఆ మళ్లీ చదవడమే, అది సెమిస్టర్ పరీక్ష దాకా నిలవకపోవడానికి ఒక కారణం ఇదే. చూడకుండా చెప్పడానికి గదిలో ఒక్కడివే కూర్చోనక్కర్లేదు, హాస్టల్ నుంచి టీ కొట్టు దాకా నడుస్తూ ఒకడు అడిగితే ఇంకొకడు చెప్పొచ్చు. తప్పు చెప్పినవాడు టీ డబ్బులు ఇస్తాడు!

అపోహ: డే స్కాలర్లకు టైమే ఉండదు, హాస్టల్ వాళ్లకు కావలసినంత.

గుత్తి నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లు అలిసిపోతారు, నిజమే. కానీ బస్సు టైముకి లేవాల్సిందే కాబట్టి వాళ్ల సాయంత్రానికి ఒక హద్దు ఉంటుంది. హాస్టల్లో కబుర్లకు హద్దు మనమే పెట్టుకోవాలి.

అపోహ: 75 శాతం అటెండెన్స్ చాలు, మిగతా 25 మన సొంతం.

ఆ 25లోనే జ్వరం, అక్క పెళ్లి, ఊర్లో జాతర అన్నీ ఇమడాలి. జేఎన్‌టీయూ అనంతపురం నిబంధనల్లో 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి, కాండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి తీసుకునే ఫీజు) కట్టి బయటపడొచ్చు. 65 కంటే దిగితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు. నేను చదివే రోజుల్లో సెలవులన్నీ మొదటి నెలలోనే రిలీజ్ సినిమాలకు ఖర్చు పెట్టేశాను, ఆ తర్వాత పచ్చకామెర్లు వచ్చి మూడు వారాలు మంచం మీదున్నాను. జబ్బు తగ్గాక కూడా మా నాయన చాలా రోజులు ఆ కాండొనేషన్ డబ్బుల గురించే అడిగాడు.