డిసెంబరు 31 గడువుకు ముందు వచ్చిన కరపత్రం

బ్రిటన్‌పై అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న 1776 చివర్లో, అమెరికన్ సేనాని జార్జ్ వాషింగ్టన్‌ను అన్నిటికన్నా భయపెట్టిన తేదీ డిసెంబరు 31. ఆయన సైనికుల్లో చాలామంది ఒప్పందం ఆరోజుతో తీరిపోతుంది. ఇళ్లకు వెళ్లిపోతే ఆపే హక్కు ఎవరికీ లేదు. ఉండాలనిపించే పరిస్థితీ లేదు. నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్ పడిపోయి దాదాపు 2,800 మంది పట్టుబడ్డారు. నాలుగు రోజులకే ఫోర్ట్ లీ వదిలేయాల్సి వచ్చింది. నెలాఖరున బ్రిటిష్ సేనాని హౌ, ఆయన అన్న కలిసి 60 రోజుల్లో రాజుకు విధేయత ప్రకటించిన వారికి క్షమాభిక్ష అన్నారు. న్యూజెర్సీలో వేలమంది వెళ్లి సంతకాలు పెట్టారు.

అలాంటి సమయంలో, స్వాతంత్ర్యం కోసం రాస్తున్న రచయిత థామస్ పెయిన్ ‘అమెరికన్ క్రైసిస్’ మొదటి సంచిక డిసెంబరు 19న పత్రికలో, 23న కరపత్రంగా ఫిలడెల్ఫియాలో వెలువడింది. తిరుగుబాటు వలసల ప్రతినిధి సభ అయిన కాంగ్రెస్ అప్పటికే ఆ ఊరు విడిచి బాల్టిమోర్ చేరింది.

అందులో ఆవేశం ఉన్నమాట నిజమే కానీ పట్టు మాత్రం వివరాల్లో ఉంది. పెయిన్ ఫోర్ట్ లీలో ఉన్నవాడు. ఓటమిని దాచలేదు. శత్రువు తేగల బలంలో మనది నాలుగో వంతు కూడా లేదని, హాకెన్‌సాక్ వంతెన మనకు ఆరు మైళ్లు, వాళ్లకు మూడే మైళ్లని లెక్క చెప్పి, అయినా సైన్యం ఎలా బయటపడిందో చూపించాడు. వెనక్కి నడిచిన సైనికుడికి అది తను చూసినదే. అబద్ధం చెబితే మొదటి పేరాలోనే నమ్మకం పోయేది.

ఆ కరపత్రం ఎనిమిది పేజీలు. అంటే అర ఫారం, పదహారు పేజీలు పట్టే పూర్తి తావులో సగం. అంత చిన్నదాన్ని అచ్చేయడానికి మామూలు పద్ధతి ఒకటుంది: ఎనిమిది పేజీలూ ఒకే చట్రంలో బిగించి, తావుకు ఒకవైపు అచ్చువేసి, తిప్పి అదే చట్రంతో రెండోవైపూ వేస్తారు. మధ్యకు కోస్తే రెండు ప్రతులు. చట్రంలో పేజీల వరుస తప్పితే మడిచాక మూడో పేజీ ఉండాల్సిన చోట ఆరోది కనిపిస్తుంది. చేతి ప్రెస్సుకు ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు తోలు ఉండలతో సిరా అద్దాలి, ఒకరు పిడి లాగాలి. ఎంత చురుగ్గా చేసినా గంటకు 200 నుంచి 250 లాగుళ్లు, అదీ ఒకవైపే. కాగితాన్ని ముందే తడిపి ఉంచకపోతే సిరా సరిగా పట్టదు. అచ్చయ్యాక తాళ్ల మీద ఆరేయాలి, డిసెంబరు చలిలో అది ఓ పట్టాన ఆరదు. పైగా ఆ కాగితం తయారయ్యేది పాత గుడ్డపీలికల నుంచి. యుద్ధకాలంలో వాటికీ కరువే. పెయిన్ రాతకు డబ్బు తీసుకోలేదు, ధర రెండు రాగి నాణేలు దాటకూడదని ముద్రాపకుడికి షరతు పెట్టాడు.

ట్రెంటన్ మీద దాడికి డెలావేర్ నది దాటే ముందు వాషింగ్టన్ దీన్ని సైనికులకు చదివించాడనే మాట ప్రసిద్ధం. దానికి ఆనాటి గట్టి ఆధారం లేదు. ఇక గడువు విషయానికొస్తే, మాటలొక్కటే మనుషుల్ని ఆపలేదు. 26న ట్రెంటన్‌లో బ్రిటన్ కిరాయికి తెచ్చుకున్న జర్మన్ సైనికులు, హెస్సియన్లు, దాదాపు 900 మంది పట్టుబడ్డారు. ఆపైన, ఇంకో ఆరు వారాలు ఉండేవారికి తలా 10 డాలర్లు ఇస్తామన్నారు. గెలుపు, డబ్బు, కరపత్రం మూడూ ఒకే వారంలో కలిసొచ్చాయి. ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం.

సంచికలు 1783 దాకా వస్తూనే ఉన్నాయి. ఫిలడెల్ఫియాకు దగ్గర్లోని బ్రాండీవైన్‌లో వాషింగ్టన్ సేన ఓడిన మర్నాడు, 1777 సెప్టెంబరు 12 తేదీతో నాలుగోది వచ్చింది, చాలా చిన్నది. 1780 నాటికి చెప్పాల్సిన విషయమే మారింది, పన్నులు ఎందుకు కట్టాలో తలసరి లెక్కలు వేసి రాశాడు. 1782లో వాషింగ్టన్, ఆర్థిక వ్యవహారాలు చూసే రాబర్ట్ మోరిస్, విదేశీ వ్యవహారాలు చూసే లివింగ్‌స్టన్ కలిసి పెయిన్‌కు ఏడాదికి 800 డాలర్ల జీతం ఏర్పాటు చేశారు, బయటికి తెలియకుండా.