చక్కెర వెళ్లిన రెండు దారులు

శర్కర ప్రకృతి, చక్కెర వికృతి అని బడిలో అందరం బట్టీ పట్టిందే. ఆ శర్కరే ఉక్రెయిన్ దాకా వెళ్లి 'త్సూకొర్' అయింది. పక్కనున్న రష్యాలో మాత్రం 'సాఖర్'. రష్యన్లకు ఈ మాట గ్రీకు నుంచి వచ్చింది. ఉక్రేనియన్లకు అరబ్బీ, ఇటాలియన్, జర్మన్, పోలిష్ నోళ్లన్నీ తిరిగి చేరింది.

మన పిల్లలు ఎంతోమంది మెడిసిన్ చదవడానికి ఉక్రెయిన్ వెళ్లారు కదా. అయినా ఉక్రేనియన్ అంటే రష్యన్‌లో ఒక యాస అనుకునేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. అది తప్పు. కీవ్ కేంద్రంగా 13వ శతాబ్దం దాకా సాగిన రూస్ రాజ్యంలో తూర్పు స్లావిక్ మాండలికాలు ఉండేవి. ఉక్రేనియన్, బెలారూసియన్, రష్యన్ మూడూ వాటిలోంచే వచ్చాయి. తోబుట్టువులే తప్ప తల్లీబిడ్డలు కావు. స్లావిక్ భాషల్లోనే పోలిష్, చెక్ పడమటి శాఖవి. బల్గేరియన్, సెర్బియన్ దక్షిణ శాఖవి.

ఎలా విడిపోయాయో పిల్లి పేరులో చూడండి. పాత మాట 'కొతు'. చివరి 'ఉ' చాలా పొట్టిది. మనం 'బస్సు' అని రాసి 'బస్' అన్నట్టే, 12వ శతాబ్దం ప్రాంతంలో అది రాలిపోయింది. రష్యన్‌లో 'కొత్' మిగిలింది. ఉక్రేనియన్‌లో మాత్రం పోయిన అచ్చు బరువు ముందున్న 'ఒ' మీద పడింది. అది సాగి, కొన్ని శతాబ్దాలకు 'ఇ' అయి, పిల్లి 'కిత్' అయింది. 'పిల్లి తోక' అనాలంటే మళ్లీ 'కొతా' అంటారు, ఎందుకంటే అక్కడ చివరి అచ్చు రాలలేదు. 'ఎ' ఉన్న మాటల్లోనూ ఇలాంటి మార్పే వచ్చింది. 1164 నాటి 'దొబ్రిలో సువార్త' అనే చేతిరాత ప్రతిలో ఆ మాటల్లో 'ఎ'కు బదులు వేరే అక్షరం కనిపిస్తుంది. తేడా అప్పటికే చెవికి తెలుస్తోందన్నమాట. మాస్కో పేరు తొలిసారి చరిత్రకెక్కింది 1147లో, అంటే అంతకు 17 ఏళ్ల ముందు మాత్రమే!

14వ శతాబ్దంలో ఉక్రెయిన్ నేల లిథువేనియా, పోలండ్ పాలకుల చేతుల్లోకి వెళ్లింది. పోలిష్ మాటలు బోలెడు వచ్చి చేరాయి. రష్యన్ మీదేమో చర్చి భాష ప్రభావం ఎక్కువ. 'తీపి'కి ఉక్రేనియన్‌లో 'సొలోద్కియ్', ఇది అచ్చమైన తూర్పు స్లావిక్ రూపం. రష్యన్ 'స్లాద్కియ్' బల్గేరియా వైపు నుంచి చర్చి పుస్తకాల్లో వచ్చింది. అరువు తెచ్చుకున్నది ఒక్క ఉక్రేనియనే కాదు. అన్నిటికంటే దాని దగ్గరి చుట్టం బెలారూసియన్. అక్కడా చక్కెర 'త్సుకర్'.

ఇంత చరిత్ర ఉన్న ఉక్రేనియన్‌ను, అసలు అలాంటి భాషే లేదు, ఉండబోదు అంటూ 1863లో, అప్పటికి ఉక్రెయిన్‌లో చాలా భాగాన్ని ఏలుతున్న రష్యా సామ్రాజ్యపు హోం మంత్రి వలూయెవ్ ఉత్తర్వు ఇచ్చాడు. సామాన్యుల కోసం ఆ భాషలో పుస్తకాలు అచ్చు కాకుండా ఆపించాడు. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఆ నిషేధాన్ని నాటకాల దాకా లాగాడు. తలచుకుంటే బాధేస్తుంది.

ఉక్రెయిన్ ఇళ్లలో మాత్రం ఆ భాష ఆగలేదు. అమ్మ 'మామా', పిలిస్తే 'మామో'. సంస్కృతంలోలాగే సంబోధనకు విడిగా ఒక రూపం. రష్యన్‌లో ఆ పాత రూపం దాదాపు పోయింది. ఆశ్చర్యమేసినా భయమేసినా నోట్లోంచి వచ్చే 'బోఝె మోయ్', అంటే 'ఓ దేవుడా', ఆ మాటలో మాత్రం ఇప్పటికీ ఉంది.